రెండేళ్ల అబద్ధం

నగరిలోని మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే కుప్పమ్మకు ఫోను వచ్చేసరికి ఇంకా మధ్యాహ్నం అన్నం తినలేదు. కొడుకు మునికుమార్‌ను పోలీసులు పట్టుకున్నారట. వాడితో పనిచేసే ఇద్దరు పెద్దవాళ్లతో కలిసి, ఆగివున్న లారీలోంచి రాగితీగ చుట్టలు దించాడట. ఆమె స్టేషనుకు చేరేలోపే వాణ్ణి జైలుకు తీసుకెళ్లారు. పెద్దవాళ్ల జైలుకు.

"పిల్లోడు గదా సార్" అంది.

అక్కడున్న పోలీసు ఆధార్ కాగితం చూపించాడు. "పద్దెనిమిదిన్నర ఉండాది. పిల్లోడెట్ల అవుతాడు?"

ఆ కార్డులో పుట్టిన సంవత్సరం మార్పించింది కుప్పమ్మే. మొగుడు చనిపోయిన ఏడాదే కొడుకు పది తప్పాడు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనికి పెట్టుకోవాలంటే పద్దెనిమిది నిండాలన్నారు. ఎవరో దొంగ సర్టిఫికెట్టు పుట్టించి వయసు రెండేళ్లు పెంచి ఇచ్చారు. నిజానికి వాడికి పదహారున్నర.

వారం రోజులు ఆ మాట కడుపులోనే దాచుకుంది. చెబితే తననూ లోపల వేస్తారని భయం. ఎనిమిదోనాడు ములాఖత్‌కు వెళ్లింది. ఇనప జాలీ అవతల మునికుమార్ ఏడవలేదు. నిలబడే తీరే మారిపోయింది. పక్కనున్న నడివయసు ఖైదీని "అన్నా" అంటున్నాడు. ఆ మనిషి వాడి భుజమ్మీద చెయ్యేసి, "భయపడబాకమ్మా, నేను సూసుకుంటాలే" అని నవ్వాడు. ఆ చెయ్యి చూశాక కుప్పమ్మకు తన మీద పడబోయే కేసు లెక్కలోకే రాలేదు.

అక్కణ్ణించి నేరుగా కోర్టులో ఉచితంగా న్యాయసహాయం చేసే గదికి వెళ్లింది. అక్కడ గ్రేసీ అనే లాయరు కూర్చుని ఉంది.

"నాపైన కేసు పెట్టినా సరేమ్మా. అబద్దం చెప్పింది నేను. వాడికి పదారేండ్లే."

గ్రేసీ రాస్తున్నది ఆపింది. "ఇన్నిరోజులు ఎవురూ అడగలేదా నిన్ను?"

"అడిగింటే మాత్రం నిజం చెప్పేదాన్నో లేదో."

"వయసుకు ఆధార్ రుజువు కాదుమ్మా. బడి రికార్డే ముఖ్యం. యాడ చదివినాడు?"

మర్నాడు ఇద్దరూ బడికి వెళ్లారు. హెడ్మాస్టరు గోవిందస్వామి బీరువా అడుగున ఉన్న రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి పేజీలు తిప్పాడు. ఒకటో తరగతిలో చేర్చిననాడు రాయించిన పుట్టినతేదీ ఉంది. పక్కనే చనిపోయిన మొగుడి వంకర సంతకం. కుప్పమ్మ దాని మీద వేలు పెట్టి కాసేపు తీయలేదు.

"లెక్కలు బాగా చేసేవాడు" అన్నాడు గోవిందస్వామి. "పది తప్పినాక ఒకసారన్నా ఇంటికొచ్చి అడిగుండాల్సింది నేను."

కోర్టులో జడ్జి ముందు కుప్పమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మందలించి, ముందు ఆ కార్డు సరిచేయించుకోమన్నాడు. రిజిస్టరు రెండుసార్లు చూసి, కేసును పిల్లల నేరాలు విచారించే బాలల బోర్డుకు పంపాడు. కుర్రవాణ్ణి ఆ రోజే తిరుపతిలోని పిల్లల హోముకు మార్చమన్నాడు. అప్పటికి వాడు జైల్లో పద్దెనిమిది రోజులున్నాడు.

బోర్డు గదిలో బోను లేదు. ఖాకీ బట్టలు లేవు. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేజిస్ట్రేటమ్మ ముందు "తిన్నావా?" అని అడిగింది. మునికుమార్ తల వంచుకుని రాగితీగ సంగతంతా చెప్పాడు. ఫోను కొనుక్కోవాలనిపించిందన్నాడు. ఆమె కేకలేయలేదు, వాడు తడబడినచోట ఆగి విన్నది. విచారణ తేలేదాకా తల్లి దగ్గరే ఉంచమని, ప్రొబేషన్ ఆఫీసరు పదిహేను రోజులకోసారి ఇంటికెళ్లి చూడాలని, ఓపెన్ స్కూల్లో పది కట్టించమని రాసింది.

తిరుగు ప్రయాణంలో బస్సు పుత్తూరు దాటింది.

"మా" అన్నాడు మునికుమార్ కిటికీవైపే చూస్తూ. "జైల్లో ఆ అన్న నన్ను కొట్టలేదు. లారీ తాళం ఎట్ల తీయాల్నో రోజూ చెప్పేటోడు."

కుప్పమ్మ వాడివైపు తిరిగింది. "నేర్సుకున్నావా?"

"నేర్సుకున్నా. బుర్రలోంచి ఎట్ల తీసేయాల్నో తెలీడంలేదు మా."

పోలీసులు పట్టుకున్నాక మొదటిసారి వాడు ఏడ్చాడు. ముందు సీటులోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కుప్పమ్మ వాళ్లను పట్టించుకోలేదు. కొడుకు తల ఒళ్లోకి లాక్కుని, నగరి వచ్చేదాకా అలాగే కూర్చుంది.