తీరికకో సిలబస్

ఇస్త్రీపెట్టె మా ఆయన చొక్కా కాలర్ మీద పెట్టి, "ఇన్ మై లీజర్ టైమ్, ఐ..." అని మొదలుపెట్టాను. ఆ ఐ దగ్గరే ఆగిపోయాను. కాలిన వాసన వచ్చింది గానీ తర్వాతి మాట రాలేదు.

మా పార్సిల్ కంపెనీలో నాది వెనక గది. పెట్టెల మీది చిరునామాలు చూసి కంప్యూటర్లో కొట్టడం నా పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడ నాతో మాట్లాడేది టేపు చించే చప్పుడొక్కటే. ముందు హాల్లో కస్టమర్లతో మాట్లాడే కుర్చీ ఖాళీ అయిందనగానే అది నాకు కావాలనిపించింది. దానికి ఇంగ్లీషులో నోటి పరీక్ష ఉంది. పని గురించి ఏమీ అడగరని మేనేజరుగారు ధైర్యం చెప్పారు. లీజర్, లైఫ్‌స్టైల్, జీవితం మీద మీ అవుట్‌లుక్, అంతేనమ్మా, తేలిక అన్నారు.

ఏ పార్సిల్ ఎక్కడ ఆగిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నా గురించి అడిగితేనే నాకేమీ తెలియదు.

స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. లీజర్ అంటే తీరిక అని ఉంది. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ దెప్పడానికే వాడతారు. కిటికీ దగ్గర కాసేపు నిలబడితే నీకు తీరికెక్కువైందంటారు మా ఆయన. ఫోన్లో మా చెల్లితో నవ్వితే వదినకు పనీపాటా లేనట్టుందంటుంది ఆడపడుచు. పుస్తకంలో మాత్రం అందరూ హాయిగా అన్‌వైండ్ అవుతున్నారు, రీచార్జ్ అవుతున్నారు. మా ఇంట్లో రీచార్జ్ అయ్యేవి ఫోన్లు. వాటిని ప్లగ్గుకు తగిలించేదీ నేనే. మీరు ఎర్లీ బర్డా, నైట్ ఔలా, అంటే తెల్లవారకముందే లేస్తారా, అర్ధరాత్రిదాకా మేలుకుంటారా అని ఇంకో ప్రశ్న. రెండూ అని రాశాను. పుస్తకం చివరి జవాబుల్లో అలాంటి పక్షి లేదు.

"దీనికింత ఆలోచనెందుకు? గార్డెనింగ్ అను, మ్యూజిక్ అను," అన్నారు మా ఆయన. మా ఇంట్లో మొక్క లేదు. పాడేది కుక్కరొక్కటే. పోనీ వంట అను, నీకిష్టమేగా అన్నారు. నాకు వంట ఇష్టమని ఆయనకెవరు చెప్పారో మరి. ఇష్టంతో చేసే పనైతే ఓ పూట మానేసినా ఎవరూ ముఖం ముడుచుకోకూడదు కదా.

మా పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. కాలేజీ ల్యాబ్‌లో ప్రయోగం చెయ్యకుండానే రీడింగులు వేసేవాళ్ల పక్కన కూర్చుని కూడా, నావి నేను చేసే రాశాను. ఇప్పుడు అబద్ధం చెప్పి ఆ కుర్చీలో ఎలా కూర్చోను? తీరిక గురించి చెప్పాలంటే ముందు తీరిగ్గా ఉండి చూడాలి. అందుకని ప్రతి ఆదివారం భోజనాలయ్యాక గంటసేపు నాకు ప్రాక్టికల్స్ అని ఇంట్లో చెప్పేశాను.

పరీక్షంటే మా ఇంట్లో అందరికీ భక్తి. మా ఆయన మారుమాట్లాడకుండా గిన్నెలు తోమడానికి వెళ్లారు. అత్తయ్య టీవీ ఆపేశారు.

బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతులేం చేసుకోవాలో తెలియలేదు. పరాయి ఇంటికి వచ్చినట్టు అవి ఒళ్లో బిక్కుబిక్కుమంటూ ఉన్నాయి. రెండుసార్లు లేచి, ఎందుకు లేచానో తెలియక మళ్లీ కూర్చున్నాను. తర్వాతి వారం నయం. ఎదురుమేడ గోడ మీద రెండు పావురాలు చోటు కోసం పోట్లాడుకోవడం చివరిదాకా చూశాను. ఆ పై వారం ఆడపడుచు ఫోన్ చేస్తే, మీ వదిన చదువుకుంటోంది, తర్వాత చెయ్యమని మా ఆయన గుసగుసగా చెప్పడం వినబడింది. నేను కళ్లు మూసుకుని ఎండ కాగుతున్నాను.

ఓ ఆదివారం అత్తయ్య స్టూలు లాక్కుంటూ వచ్చారు.

"అమ్మాయ్, ఈ సబ్జెక్టుకు డిగ్రీ ఉండాలా?"

"అక్కర్లేదత్తయ్యా."

కూర్చున్నారు. జ్వరమొస్తే తప్ప పగటిపూట ఇలా కూర్చున్నది గుర్తులేదన్నారు. ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. సిలబస్సే అది.

పరీక్ష రోజున, ప్రశ్నలడిగే ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుని లీజర్ గురించే మొదట అడిగారు. ఆదివారాలు మా అత్తయ్యతో బాల్కనీలో కూర్చుంటాను, ఏమీ చెయ్యను అని ఇంగ్లీషులో చెప్పాను. ఏమీ చెయ్యరా అన్నారావిడ. ఏమీ చెయ్యను మేడమ్, ఇంకా సరిగా రాలేదు, ఇంప్రూవ్ అవుతున్నాను అన్నాను. ఆవిడ నవ్వు ఆపుకుని, మీరు ఆప్టిమిస్టా, పెసిమిస్టా అన్నారు. ఇన్నాళ్లూ చూసుకునే టైమ్ దొరకలేదు, ఈమధ్యే మొదటిదేమో అనిపిస్తోందన్నాను. పావురాల పోట్లాట కూడా చెప్పమన్నారు, చెప్పాను.

కుర్చీ నాకే వచ్చింది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక మా ఆయన సింకు వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశారు. "పాసయ్యావుగా. ఇంక సిలబస్ అయిపోయినట్టే," అన్నారు నవ్వుతూ. ఆయన చెడ్డవారు కారు. పరీక్ష కోసమంటే ఎన్ని గిన్నెలైనా తోముతారు. నా కోసం కూడా తోమొచ్చని ఆయనకెప్పుడూ తట్టలేదు, నేనూ చెప్పలేదు.

ఆయన అటు తిరగగానే అత్తయ్య నా చెవిలో, "దీని మీద పెద్ద పరీక్ష ఇంకోటుందని చెప్పమ్మాయ్. ఏళ్లు పడుతుందను," అన్నారు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే ఆయన నమ్ముతారు. ఏళ్ల తరబడి తలుపు దగ్గర కాపలా కూడా ఉంటారు. కానీ అత్తయ్య కూర్చోవాలంటే జ్వరం కావాల్సి వచ్చింది, నాకు పరీక్ష కావాల్సి వచ్చింది. ఇంకో సాకు వెతుక్కుంటే, ఆ గంట ఎప్పటికీ నాది కాదు.

వెళ్లి బాల్కనీలో కూర్చున్నాను. అత్తయ్య కూడా వచ్చారు. కాసేపటికి మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"పరీక్షేమీ లేదండీ," అన్నాను. "ఊరికే కూర్చున్నాను. ఇక నుంచి ప్రతి ఆదివారం ఊరికే కూర్చుంటాను. గిన్నెలు మీరే తోమండి."

 తల్లి వైపు తిరిగి, "నువ్వైనా చెప్పమ్మా," అన్నారు.

అత్తయ్య కాళ్లు చాపుకుని, "ఇప్పుడు నాకు తీరిక లేదురా," అన్నారు.