నలభై సెకన్ల ఆట

దినేష్ ఎనిమిదేళ్లు స్లొవేకియాలో ఐస్ హాకీ ఆడి జీతం తీసుకున్నాడంటే నానక్‌రామ్‌గూడలో చాలామంది ఇప్పటికీ నమ్మరు. కంపెనీలు కొత్తగా లేస్తున్న రోజుల్లో, ఆదివారాలు ఖాళీగా పడి ఉండే తారు రోడ్ల మీద చక్రాల స్కేట్లతో నేర్చుకున్న ఆట అది. లద్దాఖ్ శిబిరంలో మొదటిసారి మంచు మీద అడుగుపెట్టాడు. అక్కడికి వచ్చిన విదేశీ కోచ్ ఒకాయన తన ఊరి క్లబ్బుకు పిలిపించుకున్నాడు. అక్కడ అతను మూడో వరుసలో ఫార్వర్డ్. ఫార్వర్డ్ అంటే గోల్ కొట్టేవాడని పేరు. దినేష్ చేసిన పని మాత్రం గోల్‌కీపర్ కళ్లకు అడ్డంగా నిలబడి, వీపు మీద దెబ్బలు తిని, పక్కవాడికి దారి చెయ్యడం. ఎనిమిదేళ్లలో కొట్టినవి నలభై ఒక్క గోల్స్. ముప్పై ఒకటో ఏట మోకాలు పోయింది, ఇంటికి వచ్చేశాడు.

ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక మాల్‌లోని మంచు మైదానంలో, షాపులు తెరవకముందు గంటన్నర సేపు పిల్లలకు నేర్పుతున్నాడు. పిల్లలు పదిమందికి తగ్గితే ఆ సమయం కంపెనీల ఆటవిడుపులకు ఇచ్చేస్తానని మేనేజర్ సాయిచంద్ ముందే చెప్పాడు. ఉన్నది సరిగ్గా పదిమంది.

ఆ శనివారం పిల్లలకు మొదటిసారి మ్యాచ్ పెట్టాడు. ఐస్ హాకీలో ఎంతటివాడైనా ఒక విడతలో నలభై సెకన్లు, మహా అయితే ఇంకో అయిదు సెకన్లు ఆడతాడు. ఉన్న బలమంతా పెట్టి ఉరికి, వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. అతని బదులు ఇంకొకడు దూకుతాడు. రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్లీ వెళ్తాడు. క్రికెట్ చూసి పెరిగిన కళ్లకు మాత్రం మైదానం వదిలి వచ్చినవాడు అవుటైనట్టే.

దినేష్ వాళ్ల వాడలోనే ఉండే పోచమ్మకు అలాగే కనిపించింది. ఆమె పదకొండేళ్ల మనవరాలు యశస్వినిని షేర్ ఆటోలో తీసుకువస్తుంది. చీర మీద కొడుకు స్వెటర్ వేసుకుని, తలకు మఫ్లర్ చుట్టుకుని అద్దం అవతల కూర్చుంటుంది. ఆ రోజు లేచి లోపలికే వచ్చింది.

"ఏమాయెరా దినేషూ? నా మనవరాలు ఏం తప్పు చేసిందని మాటిమాటికి కూసోవెడుతున్నవ్?"

"తప్పు కాదు పెద్దమ్మా. ఆటనే గంత. అందరు కూసుంటరు."

"అందరు కూసునే ఆటకు నాలుగింటికి లేపి తీసుకొచ్చుడెందుకు? మా ఇంట్ల అరుగు లేదా కూసోనీకి?"

పక్కన నిలబడ్డ కిరణ్మయి నవ్వు ఆపుకుంది. ఆమె కూతురు కూడా ఇక్కడే నేర్చుకుంటోంది. "నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండి. ఫోన్‌లో టైము పెట్టి చూశాను. అరగంటలో మా అమ్మాయి పది నిమిషాలు కూడా ఆడలేదు. ఇలాగైతే టెన్నిస్‌కి మార్చేస్తామండి."

"మంచిగ చెప్పినవమ్మా. మేము గూడ సోమవారం సంది రాము," అంది పోచమ్మ.

ఇద్దరు పోతే ఎనిమిది. దినేష్‌కు వివరించే ఓపిక లేకపోయింది. "సరే పెద్దమ్మా. ఇగ యశస్వినిని నేను పిలువ. నువ్వు రమ్మన్నప్పుడే బయటికొస్తది."

"మాటనేనా?"

"మాటనే."

మిగతా పిల్లలకు యశస్వినిని తగలొద్దని చెప్పి ఆట మొదలుపెట్టాడు. నలభై సెకన్లప్పుడు యశస్విని అలవాటుగా బెంచీ వైపు చూసింది. దినేష్ చూపు తిప్పుకున్నాడు. నిమిషం దాటేసరికి నోరు తెరుచుకుంది. ఇంకాసేపటికి వంగి ఉండాల్సిన మోకాళ్లు నిటారుగా అయిపోయాయి. తల వాలిపోయింది. కాళ్ల దగ్గర, కర్రతో కొట్టే నల్ల బిళ్ల తప్ప ఆమెకు ఇంకేమీ కనిపించడం లేదు. "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అని పోచమ్మ కేక వేసింది.

అలా తల వాలడం ఎక్కడికి దారి తీస్తుందో దినేష్‌కు తెలుసు. గోడ వారగా ఉన్న బిళ్ల కోసం ఎదురునుంచి కిరణ్మయి కూతురు దూసుకొస్తోంది. ఆ పిల్లకు ఇంకా సరిగ్గా ఆగడం రాదు. దినేష్ విజిల్ ఊది, బూట్లతోనే మంచు మీదికి దూకి, జారుతూ వెళ్లి ఇద్దరి మధ్యన పడ్డాడు. ఆ పిల్ల వచ్చి అతని భుజానికి తగిలి కూలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. యశస్విని గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"నేను రమ్మనకముందే ఎందుకు ఆపినవ్? మాట ఇస్తివి గద," అంది పోచమ్మ. గొంతులో అంత జోరు లేదు.

"తప్పు నాదే పెద్దమ్మా. పిల్లతోని పెట్టాల్సిన పందెం కాదిది." అతను మోకాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "ఇది ఎట్ల పోయిందో ఎరికేనా?"

"మంచుల జారిపడ్డవంట గద. మీ నాయిన పెంటయ్య చెప్పిండు."

"నాయినకు గట్ల చెప్పిన. ఆయన గేటుకాడ డ్యూటీల ఉండి ఫోన్‌ల నా ఆట చూస్తుండె. 'ఎందుకురా నిన్ను ఘడిఘడికి దించుతరు, చేతగాదా?' అని అడుగుతుండె. ఒకనాడు తోటి గార్డులందరిని కూసోవెట్టుకుని చూస్తున్న అని చెప్పిండు. ఆ దినం కోచ్ పిలిస్తే రాలే. ఒక్క గోల్ కొట్టి వస్త అనుకున్న. రెండు నిమిషాలున్న. కాళ్లు గుంజుతున్నై, తల లేస్తలేదు. ఎవడొచ్చి గుద్దిండో గూడ చూడలే."

"పెంటయ్య ఇంక గూడ ఆ దేశపోళ్లు నీకు మంచి చెప్పులియ్యలేదనే తిడుతుండు," అంది పోచమ్మ.

"ఈ సంగతి మాకు మొదటిరోజే చెప్పాల్సిందండి," అంది కిరణ్మయి.

"చెప్పాల్సిందే," అన్నాడు దినేష్.

ఈలోగా యశస్వినికి ఊపిరి కుదుటపడింది. బెంచీ దగ్గరికి వచ్చి కర్రతో మంచు మీద కొట్టింది. "సార్, పోవాల్నా?"

దినేష్ పోచమ్మ వైపు చూశాడు.

"నన్నేంది చూస్తవ్? దాని సారువు నువ్వా, నేనా?"

"పో," అన్నాడు దినేష్. పిల్ల దూకింది. ఈసారి తల ఎత్తి, ఎదురొచ్చిన ఇద్దరినీ తప్పించుకుని, బిళ్లను పక్కపిల్లకు తోసి, ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చి పోచమ్మ పక్కన కూలబడింది. పోచమ్మ తన మఫ్లర్ విప్పి దాని మొహం తుడిచింది.

కిరణ్మయి ఫోన్ సంచిలో వేసుకుంది. "సోమవారం కూడా ఆరింటికేనా అండి?"

"ఆరింటికేనండి. అయిదు నిమిషాలు ముందొస్తే స్కేట్లు కట్టుకోవచ్చు."