చిన్నమాస్టరికి కాలరు

మా ఇంట్లో కాలర్లు కుట్టే పని ఆయనది. కాజాలూ బొత్తాలూ నావి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ముచ్చటపడి కాలరు కుడితే, "ఇది మనిషి మెడకా, గేదె మెడకా?" అని పడీపడీ నవ్వారు. నాకు పౌరుషమెక్కువ. మళ్ళీ దాని జోలికి పోలేదు. అలాంటిదాన్ని, ఆయన పోయిన ఏడాదికి, ఒక చిలక మెడకు కాలరు కుట్టడానికి కూర్చున్నాను.

చిలక పేరు చిన్నమాస్టరు. దర్జీ కాబట్టి ఆయన్ని అందరూ మాస్టరనేవారు. ఆయన భుజం మీద కూర్చుని, బట్టలకోసం వచ్చినవాళ్ళమీదల్లా కేకలేసేది కాబట్టి దీనికా పేరు వచ్చింది. కొట్టంటే మా ముందుగదే. వెనకగదిలో అత్తయ్య మంచం. ఆవిడకు చూపు బాగా మసక, చెవులు మాత్రం పాము చెవులు.

ఆయన రోజూ సాయంత్రం కుట్టిన బట్టలు ఇళ్ళకు ఇచ్చొచ్చి, తలుపు తోస్తూనే "అమ్మా, వచ్చేశా!" అనేవారు. లోపల్నుంచి అత్తయ్య "వచ్చావా నాన్నా!" అనేది. అప్పుడు పంజరం తలుపు తీసి చిలకను భుజానికెత్తుకునేవారు. ఒకరోజు అలా తిరిగి రాలేదు. దారిలోనే గుండె ఆగిపోయిందన్నారు.

అత్తయ్య ఏడవలేదు. "వాడికి వేడన్నం ఇష్టం" అంటుందిగాని "ఇష్టంగా ఉండేది" అనదు. కొడుకు పోయాడన్న మాట ఆవిడ నోట ఒక్కసారీ రాలేదు. చిలక కూడా నెలల తరబడి నోరు విప్పలేదు.

ఉన్నట్టుండి ఒక సాయంత్రం చిన్నమాస్టరు "అమ్మా, వచ్చేశా!" అంది. అచ్చం ఆయన గొంతే. నా చేతిలోని గరిటె కింద పడింది. అత్తయ్య మాత్రం తడుముకోకుండా, "వచ్చావా నాన్నా!" అంది. ఆ మర్నాటినుంచి పొద్దు వాలేసరికి ఆవిడ కుర్చీ పంజరం పక్కన ఉండాల్సిందే. నేను వంటింట్లో పొయ్యి దగ్గరే నిలబడి ఆ గొంతు కోసం చెవులు రిక్కించేదాన్ని. ఎందుకు దాచాలి, నాకూ కావాలనిపించేది.

తర్వాత కొన్నాళ్ళకు ఈకలు రాలడం మొదలైంది. పొద్దున్నే గది ఊడిస్తే దారం ముక్కలతోపాటు ఆకుపచ్చ ఈకలు వచ్చేవి. కొత్త ఈకలు వచ్చే కాలమేమోలే అనుకున్నాను. తర్వాత తిండి తగ్గించింది. ఒకరోజు పంజరం అడుగున వేసిన గుడ్డమీద రక్తం. చూద్దును కదా, రొమ్ముమీద పెద్ద బొత్తామంత పుండు. ఏ పిల్లీ కరవలేదు. తన ముక్కుతో తనే పొడుచుకుంది.

పశువుల డాక్టరమ్మ దాన్ని తువ్వాల్లో చుట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"కడుపులో ఇన్ఫెక్షన్ ఉందండీ, చుక్కల మందిస్తాను. కానీ పొడుచుకోవడం దానివల్ల కాకపోవచ్చు. దిగులు పెట్టుకున్నా ఇలా చేస్తాయి. ఇంట్లో ఏమైనా మారిందా?"

ఇల్లే తలకిందులైంది తల్లీ అనబోయి, "దీన్ని పెంచినాయన పోయారు. ఏడాదైంది" అన్నాను.

"ఏడాదినుంచీ పొడుచుకుంటోందా?"

"లేదు. ఈమధ్యే."

ఆవిడ చుక్కల మందు సీసా నా చేతిలో పెట్టింది. "ముందు ముక్కు పుండుకు అందకుండా చూడాలి. మా దగ్గరున్న కాలర్లు కుక్కలకు పెట్టేవి. మీరు కుట్టుపనివాళ్ళుగా, మెడకేదైనా కుట్టి చూడండి."

ఇంటికొచ్చి సొరుగు తీశాను. అందులో ఆయన చివరగా కత్తిరించిన బక్రం ఉంది, కాలరు నిలబడడానికి లోపల పెట్టే గట్టిగుడ్డ, సగంలో ఆగిన చొక్కాది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు నేను. దానికే కత్తెర పెట్టాను. మొదటిది గేదె మెడకే సరిపోయేలా వచ్చింది. ఆయన ఉంటే ఎంత నవ్వేవారో అనుకుంటే కళ్ళు మసకబారి సూది వేలికి దిగింది. రెండోది కుదిరింది. కాలరు పెట్టగానే చిన్నమాస్టరు వెల్లకిలా పడింది. లేచింది, మళ్ళీ పడింది. గింజలు అందుకోలేక అరిచింది. పలచటి జావ సూది లేని సిరంజితో నోట్లో పోస్తే సగం నా మొహం మీదే ఊసింది. "చావు, నాకేం!" అని తిట్టి, తుడిచి, మళ్ళీ పోశాను. కడుపు నెమ్మదించింది. పుండు మాత్రం మానలేదు. పగలంతా ఆరడం, తెల్లారేసరికి మళ్ళీ తడి.

ఒకరోజు ఆడపడుచు వచ్చి అత్తయ్యను కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళింది. సాయంత్రం నేను ముందుగదిలో అంచులు మడుస్తున్నాను, నోటినిండా గుండుసూదులు. "అమ్మా, వచ్చేశా!" అంది చిలక. సూదులతో నేనేం పలకగలను? మళ్ళీ పిలిచింది. ఇల్లంతా నిశ్శబ్దం. అటూ ఇటూ చూసి, మెల్లగా కిందికి దిగి, కాలరుతోనే తంటాలుపడి గింజలు కొరుక్కుంది. అంతే.

రాత్రికి అత్తయ్య ఇల్లు చేరింది గాని, తెల్లారి చూస్తే పుండు పొడిగానే ఉంది. ఆ సాయంత్రం వంట పక్కనపెట్టి కాపలా కాశాను. అది పిలిచింది. అత్తయ్య "వచ్చావా నాన్నా!" అంది. అంతే, చిలక పంజరం తలుపుకు అతుక్కుపోయింది. వీధితలుపు వైపు మెడ చాచి, రెక్కలు సగం విప్పి ఎదురుచూసింది. తలుపు తెరుచుకోలేదు. ఎవరూ భుజం ఇవ్వలేదు. కాసేపటికి కాలరు అంచు పట్టుకుని గుంజింది, పక్కకు నెట్టింది, రొమ్ములో ముక్కు దించింది.

నేను లేచి అత్తయ్య కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, రేపట్నుంచి దానికి బదులు పలక్కండి."

"ఏం?"

"మీరు పలికితే ఆయన నిజంగా వచ్చారనుకుంటోంది."

"నేనూ అదే అనుకుంటున్నానుగా అమ్మాయ్" అంది అత్తయ్య. "ఆ ఒక్క ముక్కా నాకు లేకుండా చేస్తావా?"

నాకు ఒళ్ళు మండింది. "నాకు మాత్రం ఆ గొంతు చేదా? మీకు కొడుకైతే నాకెవరూ కారా? అది చస్తే ఆ గొంతూ ఉండదు, అదీ ఉండదు!"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. నేను అన్నం ముట్టలేదు.

మర్నాడు సాయంత్రం ఆవిడే కుర్చీ వేయమంది. చిలక పిలిచింది. అత్తయ్య దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ పిలిచింది, ఇంకోసారి పిలిచింది. ఆవిడ భుజాలు కదిలిపోతున్నాయి గాని చప్పుడు లేదు. నేను వెళ్ళి ఆ భుజాలు పట్టుకున్నాను. ఎవరు ఎవరిని ఓదార్చాలో తెలియని బతుకైపోయింది మాది.

పుండు మానింది. రొమ్ముమీద సూదిమొనల్లా కొత్త ఈకలు పొడుచుకొచ్చాయి. పిలుపులు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. చివరిసారి ఎప్పుడు పిలిచిందో నేను గుర్తుపెట్టుకోలేదు. ఆయన్ని రెండోసారి పోగొట్టుకున్న రోజు ఏదో కూడా నాకు తెలియదు.

కాలరు విప్పిన సాయంత్రం దాన్ని తన ఒళ్ళో కూర్చోబెట్టమంది అత్తయ్య. పెట్టాను. కొత్త ఈకలు వేళ్ళతో తడిమి చూసుకుంది. గుప్పిట్లో నాలుగు గింజలు పెట్టుకుని అందించబోయింది.

చిలక తల పక్కకు వాల్చి, వీధితలుపు వైపు చూసి, అచ్చం ఆవిడ గొంతుతోనే అంది.

"వచ్చావా నాన్నా!"

అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"రాడమ్మా" అంది ఆవిడ, దాని తల నిమురుతూ. "వాడింక రాడు. నువ్వు తిను."