ఆగు తల్లీ

మా నాయన మునియన్ మొండితనం గురించి ఒర్లియంపేటలో ఎవరినడిగినా చెబుతారు. గొంతులో గడ్డ ఉంది, స్వరపేటిక తీసేస్తేనే బతుకుతావు, తర్వాత మాట మాత్రం ఉండదు అని గోరిమేడు పెద్దాసుపత్రిలో డాక్టరు ఆపరేషనుకు తేదీ ఇచ్చాడు. ఈయన తలూపి బయటికొచ్చి, నేరుగా బస్సెక్కి బాహూరు పోయి, రెండున్నరేళ్ల ఆడ గుర్రప్పిల్లను పట్టుకొచ్చాడు. నాకు ఒళ్లు మండింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా నాయనా?"

"ముసలి గుర్రం చచ్చి మూణ్ణెల్లాయె. బండి ఊరికే పడుండాది. నేను పోతే నువ్వేం తింటావే? దీనికి బండి నేర్పించి నీ చేతిలో పెడతా. ఆపైన కోసుకోమను."

మా ఆయన పోయాక నేను నాయన దగ్గరే ఉంటున్నాను. మినీ లారీలు వచ్చి పని తగ్గినా, మార్కెట్టుకు బస్తాలు తోలే ఆ బండి తప్ప మాకు వేరే ఆధారం లేదు. అందుకే పోయి పిల్లకు గడ్డి వేశాను.

నేర్పడంలో ఆయనకు తొందరన్నది తెలియదు. మొదటి వారమంతా తాడు పట్టుకుని నడిపించడమే. తర్వాత కళ్లకు గంతలు కట్టి పాత లారీ టైరు ఈడ్పించాడు. టైరు చప్పుడుకు పిల్ల బెదిరి ఎగిరేది. ఆయన పగ్గాలు వదలకుండా, అది ఆగేదాకా "ఆగు తల్లీ, ఆగు తల్లీ" అనేవాడు. మిగతా బండ్లవాళ్లంతా గుర్రాలతో అరవంలోనే మాట్లాడతారు. నాయన మాత్రం, ఇంటికొచ్చినదానితో ఇంటిమాటే ఆడాలంటాడు. నన్ను ఒక్కసారైనా తల్లీ అని పిలిచిన మనిషి కాదు. నేనెప్పుడూ "ఏమే"నే. గుర్రప్పిల్ల మీద అసూయ పడ్డానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ పడ్డాను.

నన్నూ ఒకసారి తోలనీ అంటే ఒప్పుకోలేదు.

"రెండు గొంతులు వింటే చెడిపోతాది. ముందు నా మాట పట్టనీ, ఆమేట్కి నువ్వు."

ఆసుపత్రి తేదీ వచ్చింది. పిల్ల ఇంకా బండి నొగల మధ్య నిలబడటం లేదు. ఈయన పోలేదు. రెండో తేదీ కూడా దాటించాడు. ఆ నెలన్నరలో ఆయన గొంతు రోజురోజుకీ పూడుకుపోయి, చివరికి గాలీ గరగరా మాత్రమే మిగిలాయి. ఆ గరగరకే గుర్రప్పిల్ల చెవులు తిప్పేది. అది ఖాళీ బండితో వీధి చివరిదాకా పోయి వచ్చిన రోజు, నాయన దాని మెడ నిమురుతూ ఏడ్చాడు.

"రేపు నువ్వు తోలు" అన్నాడు నాతో.

తెల్లారేసరికి ఆయనకు ఊపిరాడలేదు. ఆటోలో వేసుకుని పరిగెత్తాను. ఇంకా ముందే రావాల్సింది అన్నాడు డాక్టరు. గొంతు తీసేశారు. గడ్డ ఎంతవరకు పాకిందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

నెల తర్వాత ఇంటికొచ్చాడు, మెడలో రంధ్రంతో, దాని మీద గుడ్డతో. మరునాడే బండి వైపు వేలు చూపించాడు. ఆయన్ని గడప మీద కూర్చోబెట్టి బండి కట్టాను.

కదలమంటే కదిలింది. ఆగమంటేనే ఆగలేదు. "ఆగు తల్లీ" అని అరిచాను, గొంతు చించుకున్నాను. పగ్గాలు లాగితే తల విదిల్చి ఇంకా వేగం అందుకుంది. వీధి చివర మారియమ్మ ఇడ్లీ బండి, దాని చుట్టూ బడిపిల్లలు.

"తిలకా, పట్టవే దాన్ని!" మారియమ్మ కేక పెట్టింది.

అది నేర్చుకున్నది మాటను కాదు, ఆ గొంతును. ఆ సంగతి అప్పుడు తెలిసింది. తెలియగానే నా నోట్లోంచి అదే గాలి, అదే గరగర, మధ్యలో తెగిపోయే మాట వచ్చింది.

"ఆ... గు త... ల్లీ."

గుర్రప్పిల్ల నిలబడిపోయింది. చెవులు అటూ ఇటూ తిప్పి నాయన కోసం వెతికింది.

బండి తిప్పి తోలుకొచ్చాను. మా వాకిట్లో ఆపడానికి మళ్లీ ఆ గొంతే తెచ్చుకోవాల్సి వచ్చింది, ఆయన ఎదురుగానే. నాయన ఉలిక్కిపడ్డాడు. చెయ్యి మెడ మీది గుడ్డకు పోయింది. బతికున్న మనిషిని వెక్కిరించినట్టయి నాకు ప్రాణం చచ్చిపోయింది.

ఆయన మెల్లగా లేచి బండి దగ్గరికొచ్చాడు. పెదాలు కదిలాయి. చప్పుడు లేకపోయినా, తల్లీ అన్నాడని తెలిసింది. గుర్రం కదల్లేదు, దానికి ఏమీ వినపడలేదు. ఆయన చూస్తున్నది నన్ను.