ఎడమ చెంప

సైకిల్ ట్యూబు పీలికను పళ్లతో పట్టుకుని, దారాల పోగును ఎడమచేతి వేళ్లతో కూడదీసి, వెంకటరాజం గట్టిగా చుట్టి ముడి వేశాడు. పక్కన భార్య అమృతమ్మ తన ముడి ఎప్పుడో వేసి, తర్వాతి దానికి పీలిక లాగుతోంది. ఇద్దరి ముందూ ఒకే చెక్క ఫ్రేము. దాని మీద తెల్ల పట్టుదారాలు బిగించి ఉన్నాయి. గ్రాఫ్ కాయితంలో నల్లగా నింపిన గళ్లు ఎక్కడుంటే దారాన్ని అక్కడ కట్టాలి. కట్టినచోట రంగు ఎక్కదు. రంగులో ముంచి తీసి ముడులు విప్పితే అక్కడ తెల్లపువ్వు మిగులుతుంది.

కట్టేది సగం పువ్వే. దారాన్ని నడుమకు మడిచి ఫ్రేముకు ఎక్కిస్తారు కాబట్టి ఒకవైపు కడితే రెండోవైపు కూడా కట్టినట్టే. విప్పి పరిచినప్పుడు మిగతా సగం తనంతట తానే వచ్చి ఉంటుంది. ఆలేరులోని ఆ సందులో అందరూ అట్లాగే కడతారు. వెంకటరాజానికి మీసాలు రాకముందు నుంచీ అదే పని.

"పొద్దుగూకే బండికే పోతున్న," అంది అమృతమ్మ తల ఎత్తకుండా.

"ఎరుకే గద."

"ఎరుకే గని, ఇయ్యాల గూడ కాలేజికి పోతవా అని."

"ఇయ్యాల బొమ్మలు గోడకు పెడ్తరంట. మేడం సూస్తది."

"పో మరి. నేనేమన్న వద్దంటున్ననా?"

"నీ బండికంటె ముందుగాల్నే నా బండొస్తది. టేషన్ కాడికొస్త."

"రాకున్నా ఫికర్ లేదు. నాకు రైలెక్కుడు రాదా ఏంది?"

అతను ఇంకో మాట అడగాలనుకున్నాడు. మళ్ల ఎప్పుడొస్తవ్? వారం రోజులుగా ఆ మాట గొంతుదాకా వస్తోంది. బయటికి వచ్చేసరికి వేరే మాటైపోతోంది. బిడ్డ సుమన సికింద్రాబాదులో బట్టల దుకాణంలో మళ్లీ పనికి చేరింది. పిల్లగాణ్ని చూసుకునేవాళ్లు కావాలి. అందుకు అమృతమ్మ పోతోంది. అంతవరకు అందరికీ తెలుసు. నెలకా, ఏడాదికా అన్నది ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు. చూపు మసకబారి ముడులు గళ్లు తప్పుతున్నాయని ఈ మధ్య రెండుసార్లు అంది. తప్పిన ముడులు అతనికి ఎక్కడా కనిపించలేదు.

"టికెట్ ఆడనే తీసుకుంటవా?" అన్నాడు.

"ఆడ గాకుంటె ఇంకేడ తీసుకుంటరు?" అంది అమృతమ్మ.

భువనగిరి కాలేజీలో బొమ్మలు నేర్పే మొదటి క్లాసులో అతను చేరి నాలుగో నెల. చేనేత సొసైటీ సెక్రటరీ కృష్ణకాంత్ చేర్పించాడు. డిజైన్లన్నీ హైదరాబాదులో కంప్యూటర్ మీద తయారవుతున్నాయి, మన దగ్గర గీత తెలిసినవాడు ఒకడైనా ఉండాలన్నాడు. వెంకటరాజం సరేనన్నాడు. ఎందుకు సరేనన్నాడో ఆలోచిస్తే ఇప్పటికీ కారణం దొరకదు. ఆ రోజు ఎవరు ఏమడిగినా సరేననేవాడేమో.

క్లాసులో మిగతావాళ్లు సుమన కంటే చిన్నవాళ్లు. అతన్ని కాకా అంటారు. మొదటి నెల లోటాను గీయమన్నారు. అతను కాయితాన్ని నిలువుగా మడిచి, మడతకు ఒకవైపు సగం లోటా గీసి, మళ్లీ మడిచి వెనకనుంచి చెంచాతో రుద్దాడు. మెత్తని పెన్సిలు బొగ్గు అవతలికి అంటింది. దాని మీద మళ్లీ గీత దిద్దాడు. లోటా చక్కగా వచ్చింది. పాఠం చెప్పే స్నిగ్ధ మేడం బాగుందంది. ఎట్లా గీశాడో ఆమె అడగలేదు. అడగదగ్గ విషయమని అతనికీ తోచలేదు.

ఈసారి ఇంట్లో మనిషి ముఖం గీసుకుని రమ్మన్నారు.

పన్నెండు దాటాక బొమ్మలన్నీ గోడకు గుచ్చారు. పిల్లలు గోడ వెంబడి నడుస్తూ ఒకరి బొమ్మను ఒకరు వెక్కిరించుకుంటున్నారు. వెంకటరాజం బొమ్మ దగ్గర శ్రవణ్ ఆగిపోయాడు.

"కాకా, చిన్నమ్మను జిరాక్స్ గిట్ల కొట్టినవా?"

"నవ్వకురా, బాగనే ఉంది," అంది మమత. మళ్లీ చూసి, "గని జర భయమైతాంది కాకా. పోచమ్మ తల్లి సూసినట్టు సూస్తాంది."

అందరూ నవ్వారు. వెంకటరాజం కూడా నవ్వాడు. బొమ్మ తనను చూస్తున్నట్టు అతనికి రాత్రి నుంచే అనిపిస్తోంది. కళ్లు రెండూ ఒకే కొలత. ముక్కుపుటాలు ఒకే కొలత. పెదవి చివరలు రెండూ ఒకే ఎత్తులో ఆగాయి. కుడివైపు సగాన్ని చేత్తో కప్పి చూస్తే అమృతమ్మే. ఎడమవైపు కప్పి చూసినా అమృతమ్మే. చెయ్యి తీస్తే ఎవరో.

స్నిగ్ధ మేడం బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. చెవి వెనక పెన్సిలు పెట్టుకునే అలవాటు ఆమెది.

"ఈమె ఎవరు, రాజం గారూ?"

"మా ఇంటామె, మేడం."

"ఎదురుగా కూర్చోబెట్టి గీశారా?"

"కూసోదు మేడం. సిగ్గు. పని కాడ సూసి గీసిన."

"పని దగ్గర ఆమె ఎక్కడ కూర్చుంటారు?"

"నా ఎడమకు."

ఆమె చెవి వెనక పెన్సిలు తీసింది. "అంటే మీకు కనిపించేది ఆమె కుడివైపు. మరి ఈ రెండో వైపు?"

"మడిస్తె అటుదిక్కు గూడ అదే వస్తది గద మేడం."

తప్పేమన్నాడో అతనికి అర్థం కాలేదు. ఆమె నవ్వలేదు. కోపగించుకోలేదు కూడా. బొమ్మనూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎవరి ముఖమూ రెండు వైపులా ఒకటి కాదు. ఒక కన్ను కొంచెం కిందికుంటుంది. ఒక చెంప ఉబ్బుగా ఉంటుంది. సరే, ఇప్పుడు చెప్పండి, ఆమె ఎడమ చెంప ఎట్లా ఉంటుంది?"

వెంకటరాజం కళ్లు మూసుకున్నాడు. కుడి చెంప వచ్చింది. చెవి ముందు నెరిసిన పాయ, కణత మీద నరం, పీలిక కొరికేటప్పుడు దవడ దగ్గర కదిలే కండ. తల తిప్పమని లోపల అడిగాడు. తిరిగింది. తిరిగినచోట మళ్లీ కుడి చెంపే ఉంది.

"యాదికొస్తలేదు మేడం," అన్నాడు.

పిల్లలెవరూ నవ్వలేదు. అది అతనికి ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

"మంచిది. ఇంటికెళ్లి చూడండి. రేపు ఎడమవైపు గీసుకుని రండి," అంది మేడం, పక్క బొమ్మ దగ్గరికి కదులుతూ.

రేపు అమృతమ్మ ఉండదని అతను చెప్పలేదు.

తర్వాత గది మధ్యలో ఒక కుర్చీని నేల మీద పక్కకు ఒరిగించి గీయమన్నారు. కుర్చీని కాదు, కుర్చీ కాళ్ల మధ్య ఖాళీలను గీయాలట. వెంకటరాజం ఖాళీలను చూడబోయాడు. చూపు పోయి పోయి కుర్చీ మీదే పడుతోంది. పెన్సిలు కాయితం మీద ఆనించి ఊరుకున్నాడు.

ఆమె ముఖాన్ని ఎదురుగా ఎప్పుడు చూశాడు? పెళ్లిలో మధ్య తెర పట్టుకున్నారు. తెర తీసినప్పుడు ఆమె తలవంచుకుంది. పాపిట కనిపించింది. తర్వాత పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టారు. ఫోటోలో పక్కపక్కనే. బస్సులో పక్కపక్కనే. సుమన పుట్టినప్పుడు దవాఖానలో మంచం గోడకు ఆనించి ఉంది. అతను నిలబడే జాగా మళ్లీ ఆమె కుడివైపే. అన్నం తినేటప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని వడ్డిస్తుంది. అతను పళ్లెంలోకి చూస్తాడు. ఆమె ఏదో చెబుతుంది, అతను ఊ అంటాడు. పగలంతా పక్కన ఉండే మనిషిని తినేటప్పుడు కూడా చూడాలని ఎవరికి తోస్తుంది?

అయితే ఇన్నేళ్లూ తను చూసింది మనిషినా, తన పక్కనున్న జాగానా? ఆమెకు కోపమొచ్చిందో, ఏడుపొచ్చిందో ఆ రెండో వైపుకు మాత్రమే తెలిసిన రోజులు ఉన్నాయేమో. ముడులు గట్టిగా బిగించి కట్టిన రోజులు అతనికి గుర్తున్నాయి. దారం తెగుతుంది, జర మెల్లగ కట్టు అన్నాడు. అంతే అన్నాడు.

ఇంకో ఆలోచన వచ్చి అతను నిటారుగా కూర్చున్నాడు. ఆమెకూ తెలిసింది తన ఎడమవైపే. మిగతా సగాన్ని ఆమె దేనితో నింపుకుంది? అదే వస్తుందిలే అనుకుందా? లేక అటువైపు ఇంకొకడు ఉన్నాడని ఎప్పుడో కనిపెట్టిందా? కుడి చెంప తడిమి చూసుకున్నాడు. గరుకుగా ఉంది. రెండోది కూడా గరుకుగానే ఉంది. ఏమీ తేలలేదు.

"కాకా, కుర్చీ గీయలె?" శ్రవణ్ తొంగిచూశాడు. కాయితం తెల్లగా ఉంది. "నీదే ఫస్టు. ఖాళీ అంటె గిదే ఖాళీ."

రైలు ఆలస్యంగా వచ్చింది. భువనగిరి ప్లాట్‌ఫారం మీద వెంకటరాజం చుట్టిన కాయితం చంకలో పెట్టుకుని అటూ ఇటూ నడిచాడు. బండి ఎక్కాక తలుపు దగ్గరే నిలబడ్డాడు. రాళ్లగుట్టలు, పత్తి పీకేసిన చేన్లు, రేగడి మడుల అంచున తుమ్మచెట్లు వెనక్కిపోతున్నాయి. ఈసారి వేరే మాట రానివ్వకూడదనుకున్నాడు. మళ్ల ఎప్పుడొస్తవ్. చిన్న మాట. పెదవులతో రెండుసార్లు అనుకుని చూశాడు. పక్కనున్న పల్లీలమ్మే ఆవిడ తననే అడుగుతున్నాడనుకుని, "నేను కాజీపేట పోతున్న బిడ్డా, మళ్ల రేపే వచ్చుడు," అంది.

అతను ఆలేరులో దిగేసరికి సికింద్రాబాదు వెళ్లే బండి అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగి ఉంది. మెట్ల వంతెన ఎక్కి దిగేసరికి ఆయాసం వచ్చింది. పెట్టెల వెంబడి కిటికీలు చూసుకుంటూ నడిచాడు. ఒక కిటికీ దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చాడు.

అమృతమ్మ ఇంజను వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. ఊచల వెనక ఆమె ఎడమ చెంప.

అతను గుర్తుపట్టక దాటిపోయింది అందుకే. ఈ వైపు ఆమె ముసలిదైపోయింది. కన్ను కొద్దిగా కిందికి జారి ఉంది. పెదవి చివర పైకి లేచి, ఎవరినో చూసి నవ్వబోయి మానుకున్నట్టుగా నిలిచిపోయింది. చెవి కింద, దవడ మీద, కొడవలి ఆకారంలో పాత మచ్చ ఒకటి ఉంది.

"ఉరికొచ్చినవా ఏంది?" అంది ఆమె, ఇటు తిరిగి చూసి. "బొమ్మ ఎట్లుందన్నది మీ మేడం?"

"బాగలేదన్నది."

"నేను బాగుంటె గద, బొమ్మ బాగుంటది," అని నవ్వింది. నవ్వితే పెదవి ఆ వైపు ఇంకాస్త పైకి పోయింది. ఆ నవ్వు అతనికి కొత్త. "అన్నం వండిపెట్టిన. పులుసుంది. చల్లారకముందే తిను."

ఆమె కాళ్ల దగ్గర రెండు సంచులున్నాయి. ఒకదానిలో నుంచి గొంగడి అంచు బయటికి కనిపిస్తోంది. చలి పోయి నెల దాటింది. మళ్లీ గొంగడి కావాలంటే కార్తీకం రావాలి. వెంకటరాజం దానివైపు చూసి, ఆమె వైపు చూశాడు. ఆమె కూడా గొంగడి వైపు చూసి, అంచును కాలితో సంచిలోకి నెట్టింది.

ఇప్పుడు అడగాలి. ఊచను పట్టుకున్నాడు.

"గిదేంది?" అన్నాడు.

"ఏది?"

"గీడ. దవడ కాడ. మచ్చ."

అమృతమ్మ చెయ్యి దవడ మీదికి పోయింది. కొంచెంసేపు అతన్ని నేరుగా చూసింది. ఎదురుగా ఆమె కళ్లు రెండూ ఒకటి కాదని అతను చూశాడు. ఒకటి అతన్ని చూసి జాలిపడుతున్నట్టుంది. రెండోది ఏమీ అనడం లేదు.

"పెండ్లయిన కొత్తల్ల చెప్పిన గదయ్య," అంది.

"ఏమని చెప్పినవ్?"

బండి కదిలింది. ఆమె ఏదో అంది. పెట్టెల చప్పుడులో మాట వినపడలేదు. అతను నాలుగడుగులు వెంట నడిచాడు. ఊచల మధ్య ఆమె చెయ్యి ఊగింది. అది పొమ్మనడమా, వస్తాననడమా తెలియలేదు. కిటికీ వెనక కిటికీ పోయింది. చివరి పెట్టె పోయాక పట్టాల అవతల కూరగాయల ఆటో ఒకటి, దాని పక్కన మూత్రం పోస్తున్న మనిషి కనిపించారు.

చంకలో కాయితం నలిగింది. విప్పి చూశాడు. బొమ్మ ముఖం మీద నిలువు మడత ఇప్పటికీ స్పష్టంగా ఉంది. ఎడమవైపు వేలు పెట్టి, మచ్చ ఉండాల్సిన చోటును వెతికాడు. బొమ్మలో ఎడమ ఏదో, చూస్తున్న తనకు ఎడమ ఏదో కాసేపు తేలలేదు. జేబులో పెన్సిలు ఉంది. తీయలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు కూకింది. తాళం తీసి దీపం వేశాడు. పనిగదిలోకి పోబుద్ధి కాలేదు. ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడి, చివరికి వంటగదిలో గోడకు ఆనుకుని, పొయ్యి ముందు నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఆమె కూర్చునే చోటు అది. అక్కడినుంచి చూస్తే తను రోజూ తినే చోటు కనిపించింది. మనిషి లేని ఆ చోటును చాలాసేపు చూశాడు. ఆమెకు ఇన్నేళ్లూ ఎదురుగా కనిపించింది తన నడినెత్తి.

ఆకలి వేస్తోందో లేదో తెలియలేదు. పులుసు గిన్నె అతని మోకాలి దగ్గరే ఉంది. గిన్నె మీద సత్తు పళ్లెం మూత. పిల్లి తోయకుండా అమృతమ్మ మూత మీద ఒక రాయి పెట్టిపోయింది. పిడికిలంత రాయి. ఒక అంచు విరిగింది, ఒక పక్క నూనె చేతులు తగిలి తగిలి నున్నగా నల్లబడింది, ఇంకో పక్క గరుకుగా బూడిదరంగులో ఉంది. దాని కింద పళ్లెం, రోజూ అదే చోట అదే బరువు మోసి మోసి, లోపలికి చిన్న సొట్ట పడి ఉంది.