గుండీలు తీసిన గౌను

నవంబరు తొమ్మిదో తేదీ మధ్యాహ్నం మేము తిన్నది రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, ఒక నారింజపండు. ఇంత బాగా గుర్తుండిపోవడానికి కారణం ఆ పండే. మా అమ్మాయి తొక్క ఎక్కడా తెగకుండా ఒకే చుట్టుగా ఒలిచి, తొనలు రెండు భాగాలు చేసి, పెద్ద భాగం నా పళ్ళెంలోకి తోసింది. ఇద్దరి కోసం తినాల్సింది నువ్వు కదా అంటే, లోపలున్నదానికి పులుపు పడడం లేదని, తిన్నప్పుడల్లా తంతోందని చెప్పింది. తర్వాత వెళ్ళి పడుకుంది. నేను పళ్ళేలు కడిగి, చేతులు తుడుచుకుని కుట్టుగదిలోకి వెళ్ళాను.

అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎప్పుడు ఎవరు ఎక్కడ ఇరుక్కుంటారో తెలియదు కాబట్టి అతను ఇంట్లో ఉండే వేళలకు లెక్క లేదు. ఆసుపత్రి మా వీధి చివరే ఉంది. అందుకని నెలలు నిండుతుండగా అమ్మాయి నా దగ్గరకు వచ్చేసింది. తనకు ఇది మొదటి కాన్పు. భయంగా ఉందా అని నేను అడగలేదు. ఉందని తను చెప్పలేదు. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి మేమిద్దరం ఒకరినొకరు ఏడిపించకుండా ఉండే విద్యలో బాగా ఆరితేరాం.

కుట్టుగది నా భార్యది. గోడకు మూడు కొక్కేలు, వాటికి మూడు దిండు గలీబులు. ఒక్కో గలీబులో ఒక్కో బొంతకు కావలసిన ముక్కలు. ఆవిడ ఒకసారి ఒక్క బొంతే కుట్టడం నేనెన్నడూ చూడలేదు. ఒకటి మొండికేస్తే దాన్ని బతిమాలకూడదనీ, ఇంకోదాన్ని ఒళ్ళోకి తీసుకుంటే అది చూసి మొదటిది తనంతట తానే దారికొస్తుందనీ అనేది. పిల్లల గురించి అంటోందో బొంతల గురించి అంటోందో నాకు తెలిసేది కాదు.

కిందటేడు మొదట్లో ఆవిడ పోయాక కొక్కేలు నాకు వచ్చాయి. మొదటి గలీబులో పుట్టబోయే పసిదానికి చిన్న బొంత. రెండోదానిలో నర్సమ్మకు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో నా భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి ఆవిడ. రాత్రి డ్యూటీలో కాళ్ళు చల్లబడతాయని ఒకసారి మాటవరసకు అంది, నేను పట్టుకున్నాను. మూడోది నా భార్య సగంలో వదిలిపెట్టిన పెద్ద బొంత. అమ్మాయి కోసమే మొదలుపెట్టింది. ఆవిడ అందరిలా మధ్య నుంచి కాక అంచుల నుంచి లోపలికి కుట్టుకొచ్చేది. మధ్యలో ఏం పెడతావని అడిగితే, మధ్యకు వచ్చాక చూద్దాంలే అనేది. మధ్యకు రాకుండానే వెళ్ళిపోయింది. అన్ని వైపులా రంగురంగుల ముక్కలు, నడుమ ఒక ఖాళీ చదరం. దాన్ని చూసినప్పుడల్లా నేను గలీబులోకి తోసి నర్సమ్మ బొంత తీసేవాణ్ణి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను సర్వే కార్యాలయంలో పటాలు గీశాను. ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడం నా పని, లేనిదాన్ని ఊహించడం కాదు. కాబట్టి కుట్టులో నా గీత తప్పదు. కానీ ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలన్న దగ్గర చేతులెత్తేస్తాను. నర్సమ్మ బొంత అలాగే ఆగిపోయింది. అంతా లేత రంగులు, కన్ను ఆనే చోటే లేదు. దానికొక ముదురు రంగు కావాలి. దాని కోసం పది రోజులుగా పాత కర్టెన్లు, నా చొక్కాలు తిరగేస్తున్నాను.

ఆ మధ్యాహ్నం కుర్చీ చేతిమీద ముదురు నీలం కనిపించింది. సన్నటి తెల్లచుక్కలు. నా భార్య ఇంట్లో తొడుక్కునే గౌను. కుడివైపు పెద్ద జేబు. దాన్ని బీరువాలోంచి అమ్మాయి ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. చేతిలోకి తీసుకున్నాను. ముందువైపు గుండీలు లేవు. ఒక్కటీ లేదు. దారపు పోగులు కూడా శుభ్రంగా దులిపేసి ఉన్నాయి.

మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి. ఇక తొడుక్కోం అనుకున్నదానికి నా భార్య ముందు గుండీలు కోసి డబ్బాలో వేసేది. గుండీలున్నంత సేపూ అది బట్ట. తీసేశాక గుడ్డ. బట్టకు కత్తెర తగలకూడదు, గుడ్డను ఎవరినీ అడగక్కర్లేదు. అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి, గుడ్డల్లోకి చేరిన తన పూలగౌనును దొంగతనంగా తీసుకెళ్ళి, దానికి ఒక గుండీని వంకరటింకరగా కుట్టుకుని వచ్చి, "ఇది బట్ట" అని తల్లి ముందు నిలబడింది. నా భార్య ఆ గుండీని లాగి చూసి, ఊడకపోయేసరికి, బట్టేనని ఒప్పుకుంది. పొట్టిదైపోయినా ఆ గౌను ఇంకో ఏడాది నడిచింది.

గుండీలు లేని ఆ గౌనును చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి నాకంటే ధైర్యస్థురాలు అనుకున్నాను. ముదురు రంగు కోసం వెతుకుతున్నానని చూసి, నోటితో చెప్పలేక, ఇలా చేసిపెట్టిందనుకున్నాను. లేపి అడగొచ్చు. అడిగితే ఏడుస్తుందేమో. పాపం నిద్రపోతోంది కదా అని స్కేలు, సుద్ద తీశాను.

కత్తిరించిన తర్వాత, నిజం చెప్పాలంటే, చేతులకు రెక్కలొచ్చాయి. ఆ నీలం వచ్చి పక్కన కూర్చోగానే లేత రంగులన్నీ ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టాయి. చీకటి పడేలోపు నర్సమ్మ బొంతకు మిగిలిన వరసలు మిషను మీద పూర్తిచేశాను. మిగిలిన నీలం ముక్కలు బల్లమీద దొంతర పెట్టాను. జేబు దగ్గర గుడ్డ రెండు పొరలు కావడంతో నా కొలతకు లొంగలేదు. దాన్ని అలాగే పక్కన పడేశాను.

సాయంత్రం మా మరదలు వచ్చింది. నా భార్య చెల్లెలు. నాలుగిళ్ళ అవతల దర్జీ దుకాణం నడుపుతుంది. తలుపు తీసీ తీయగానే నన్ను ఆటపట్టించడం ఆవిడకు అలవాటు.

"ఏం బావగారూ, మూడు పొయ్యిలూ వెలిగించి కిటికీలోంచి చూస్తూ కూచున్నారా, ఇవాళైనా ఏదన్నా ఉడికిందా?"

ఉడికిందని గర్వంగా బొంత పరిచి చూపించాను. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా ఆగిపోయింది. నీలం చదరం మీద వేలు పెట్టి, తలుపువైపు చూసింది. అమ్మాయి అక్కడ నిలబడి ఉంది, నిద్రమొహంతో, చేతిలో చిన్న గిన్నెతో. గిన్నెలో తెల్లటి గుండీలు.

"గుండీలు ఇటు పక్కకి జరిపి కుడదామని తీశాను నాన్నా. పొట్ట పట్టడం లేదు," అంది. "పిన్నిని అడిగాను, సాయంత్రం వచ్చి కొత్త కాజాలు వేస్తానంది. ఆసుపత్రికి అది తొడుక్కుని వెళ్దామనుకున్నా."

అంతే అంది. కసరలేదు, ఏడవలేదు. గిన్నె బల్లమీద పెట్టి, ఏదో తప్పు తనే చేసినట్టు, చెప్పి పడుకోవాల్సిందని గొణిగింది. అడిగి కోయాల్సిందని నేను గొణిగాను. మరదలు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఈ ఇంట్లో బట్టలు మాట్లాడినంత కూడా మనుషులు మాట్లాడరని మా అక్క ఊరికే అనేది కాదు అంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి నేను నర్సమ్మ బొంత కుట్లు విప్పుతానన్నాను. అమ్మాయి వద్దంది. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి కాళ్ళమీద అమ్మ గౌను ఉంటే మంచిదే కదా అంది. ఆ మాటలో కోపం ఉందేమోనని వెతికాను. లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు బొంత ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్ళాను. నర్సమ్మ దాన్ని గుండెలకు హత్తుకుని, గబుక్కున కళ్ళు తుడుచుకుని, ఇంత పని ఎందుకు పెట్టుకున్నారని మందలించింది. కాన్పుగదిలో సొంత గౌను తొడుక్కోనిస్తారా అని అడిగాను. ఆసుపత్రి గౌనే తొడగాలట, కాళ్ళమీద కప్పుకోవడానికి మాత్రం ఇంటి దుప్పటి తెచ్చుకోవచ్చట. ఆ సమాధానానికి సంతోషించాలో వద్దో తెలియలేదు. గౌను ఉన్నా అక్కరకు రాకపోయేదన్నమాట. కానీ కాళ్ళమీదికి ఏదో ఒకటి కావాలి. ఉన్నదల్లా నడుమ ఖాళీతో ఉన్న పెద్ద బొంత.

ఆ తర్వాత రోజులన్నీ ఆ ఖాళీ కోసమే తిరిగాను. బేకరీలో పళ్ళేల వరసలు చూశాను. బ్యాంకు గచ్చుమీద నలుపు తెలుపు పలకలు చూస్తూ నిలబడితే, వెనకాలున్న పెద్దాయన తాతగారూ కదలండి అన్నాడు. నాకంటే ఆయనే పెద్దవాడు. ఇంటికొచ్చి కాగితం మీద నక్షత్రాలు, పూలు గీసేవాణ్ణి. గీతలు తిన్నగా వచ్చేవి, అంతకుమించి ఏమీ వచ్చేది కాదు. చిన్న బొంత ఒళ్ళోకి తీసుకుని దాని అంచు పూర్తిచేశాను. పెద్దది మాత్రం అది చూసి దారికి రాలేదు.

ఒక ఉదయం బస్‌స్టాపు దగ్గర సన్నగా వాన. ఒకావిడ రెండు చేతులా సంచులతో రోడ్డు దాటడానికి ఆగింది. పక్కన చిన్నపిల్ల. పట్టుకోవడానికి తల్లికి చెయ్యి ఖాళీ లేదు. పిల్ల అడక్కుండానే తల్లి కోటు జేబులో చెయ్యి దూర్చింది. డ్రైవరు బస్సు ఆపి, వాళ్ళు దాటేదాకా కదలకుండా ఉన్నాడు. ఎక్కినవాళ్ళు విసుక్కోలేదు కూడా.

నేను బస్సు ఎక్కలేదు. ఎక్కడికి వెళ్ళాలనుకున్నానో కూడా మర్చిపోయాను. మా ఇంట్లో ఒక మాట ఉండేది. బజారు నుంచి వచ్చేటప్పుడు నా భార్య రెండు చేతులూ ఎప్పుడూ నిండుగానే ఉండేవి. రోడ్డు దగ్గరికి రాగానే, "జేబు పట్టుకో" అనేది అమ్మాయితో. తర్వాత తర్వాత అది అన్నిటికీ పనికొచ్చే మాట అయిపోయింది. పరీక్షకు వెళ్ళేటప్పుడు, పన్ను పీకించుకునేటప్పుడు, తొలిసారి ఇల్లు వదిలి ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు రైలు కిటికీలోంచి కూడా, "జేబు పట్టుకో" అనే అంది.

ఇంటికి వచ్చి బల్లకింద వెతికితే జేబు దొరికింది. నా కొలతకు లొంగలేదని నేను పక్కన పడేసినదే. ఇస్త్రీ చేసి ఖాళీ చదరం మధ్యలో పెట్టాను. సరిపోయింది అనను. చుట్టూ మిగిలిన నీలం ముక్కలు పేర్చితే సరిపోయింది. అంచుల నుంచి లోపలికి వచ్చిన రంగులన్నీ దాని దగ్గరికి వచ్చి ఆగాయి. ఆ రోజూ మర్నాడూ చేత్తోనే కుట్టాను, మిషనుకు ఇవ్వబుద్ధి కాలేదు. ఈసారి మాత్రం మొదటి కుట్టు వేయకముందే అమ్మాయిని పిలిచి అడిగాను.

"ఇది ఇక్కడ కుట్టనా?"

తను వంగడానికి పొట్ట అడ్డం వస్తుంటే కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి, జేబులోకి దూర్చింది. అలా కాసేపు ఉంచింది.

"నాకు చాలా భయంగా ఉంది నాన్నా," అంది.

నాక్కూడా అన్నాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఎందుకు అంత జాగ్రత్తపడ్డామో ఇద్దరికీ అర్థం కాలేదు. ఏడ్చాక ఆకలి వేసింది, అంతే.

అస్తరు వేసి అంచు మడిచే పని మరదలు తీసుకుంది. ముగించి దులిపి, ఇంత పెద్ద బొంతకు ఇంత చిన్న జేబా, ఇందులో ఏం దాస్తారని ఎగతాళి చేసింది. అమ్మాయి లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చింది. గుండీల్లోంచి ఒకటి ఏరి, సూదిలో దారం ఎక్కించి, జేబు నోటి దగ్గర కుట్టడం మొదలుపెట్టింది.

"కాజా లేకుండా గుండీ ఎందుకే, ఉత్తినే?" అంది మరదలు.

"మళ్ళీ నాన్నకి కత్తెర కనపడితేనో?" అంది అమ్మాయి, పళ్ళతో దారం తెంపి. "ఇక ఇది బట్ట."

మరదలు ఆ గుండీని పట్టుకుని రెండుసార్లు లాగి చూసింది, అచ్చం వాళ్ళక్కలాగే. ఊడలేదు. బట్టేనని ఒప్పుకుంది. పసిదాని బొంతకు మాత్రం గుండీలు పెట్టొద్దని, పిల్లలు మింగేస్తారని నన్ను ముందుగానే హెచ్చరించింది. ఆ ఆలోచన నాకు వచ్చిందని ఎలా పసిగట్టిందో.

డాక్టరు మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టాం. పైన చిన్న బొంత. అల్లుడు ఈసారి ఎవరు ఇరుక్కున్నా తనను పిలవొద్దని చెప్పి వచ్చి, సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. బూట్లు కూడా విప్పలేదు. నేను విప్పాను.

పడుకునే ముందు అమ్మాయి గదిలోకి తొంగిచూశాను. పెద్ద బొంత ఛాతీదాకా కప్పుకుని, ఇటు తిరిగి పడుకుంది. ఒక చెయ్యి బొంత పైనుంచి పొట్ట మీద ఉంది. రెండోది మణికట్టు దాకానే కనిపించింది. బొంత మధ్యలో, జేబు ఉన్నచోట, నీలం గుడ్డ కొంచెం ఉబ్బి, ఊపిరితోపాటు మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది.

దీపం ఆర్పాను. గొళ్ళెం చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, తలుపు దగ్గరికి వేశాను.