పసుపు తాగిన తూటా

రామసుబ్బమ్మ మొగుడు బతికున్నన్నాళ్లూ ఆయుధపూజ నాడు తుపాకికి ఒక బొట్టు పెట్టి ఊరుకునేవాడు. ఆయన పోయాక ఆమెకు భక్తి ఎక్కువై, ఏటా తుపాకితోపాటు మిగిలిన ఆరు తూటాలకూ పసుపునీళ్లతో స్నానం చేయించింది. అవి కాగితం తూటాలు. తొమ్మిది దసరాలు గడిచేసరికి నీళ్లు తాగి తాగి, నెలలు నిండిన బర్రెల్లా ఉబ్బి కూర్చున్నాయి.

ఆ సంగతి శనగచేను కాయ పట్టి, అడవిపందులు కొండ దిగిన రోజున బయటపడింది. మూడెకరాల చేనులో అరెకరం దున్నేసి పోయాయి. ఆ ఏడు ఆమెకున్న పంట అదొక్కటే. పందిని చంపాలని ఆమెకు లేదు, ఆకాశంలోకి ఒక్క మోత మోగిస్తే చాలు. టపాసులకు అవి ఎప్పుడో అలవాటు పడ్డాయి, ఆ చప్పుడు వింటే విందుకు పిలిచినట్టు వస్తున్నాయి. తీరా తుపాకి తెరిచి చూస్తే ఒక్క తూటా కూడా గొట్టంలో దూరలేదు.

మొగుడు పోయాక తన పేరుకు మార్పించుకున్న లైసెన్సు పుస్తకం, ఒక తూటా సంచిలో వేసుకుని ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో దిగింది. తుపాకుల అంగడి భాస్కరయ్య ఆ తూటాను వేళ్ల మధ్య తిప్పి, వాసన చూశాడు.

"ఏందమ్మా ఇది, పులుసులో ఏసి తీసినావా?"

"పూజ చేసినానన్నా."

"పూజకు పాడైన తూటాను ఇప్పుడే చూస్తాండా. ఇది పదహారో నంబరు. ఇప్పుడు యాడా దొరకదు. పన్నెండే వస్తాండాది."

"పన్నెండే ఇయ్యి. చిన్నదైతే సులువుగా దూరుతాది."

"పన్నెండే లావు తల్లీ! ఒక పౌండు సీసంతో లడ్లు చుట్టినట్టు గుండ్లు చుట్టు. పన్నెండు చుడితే లావు, పదహారు చుడితే సన్నం. గొట్టానికి అదే లెక్క."

"ఈ లెక్క పెట్టినోడు ఆకలి మీద ఉన్యాడేమో."

పొద్దుటినుంచీ అంగడికి ఒక్కరూ రాలేదేమో, భాస్కరయ్య అంత తేలిగ్గా వదల్లేదు. "మీ మామ తాత కాలంలో మందు పోసి, గుడ్డ కూరి, ఇనుప గజం కడ్డీతో దంచి, వత్తి అంటిస్తాండ్రి. ఆపైన వత్తికి బదులు, కొడితే నిప్పు రేగే టోపీ వచ్చె. ఆపైన మందూ గుండ్లూ టోపీ అన్నీ ఒకే కాగితం గొట్టంలోకి వచ్చె. కాగితం చెమ్మకు ఉబ్బుతాదని ప్లాస్టిక్ తెచ్చిరి. ఇంత బుర్ర పెట్టిన దొరలు కూడా పసుపునీళ్ల సంగతి తల్చుకోలే."

"పంది ఏమన్నా మారిందా?"

"పంది యాడ మారుతాది!"

"అయితే పాతదే చాలు. ఎండబెట్టుకుంటా."

"వద్దమ్మా! పేలకపోవచ్చు. లేదంటే నొక్కినప్పుడు ఊరుకొని, దాని తీరికను బట్టి పేలుతాది. అట్లయితే తెరవొద్దు. మూతి ఆకాశానికి పెట్టి ఆగాల."

"ఎంతసేపు?"

"కొత్తదైతే నిమిషం. ఈ పసుపుముద్ద సంగతి నాకేం తెలుసు?"

మిద్దె మీద వడియాల పక్కన తూటాలు నాలుగు రోజులు ఎండాయి. ఒకటి చిక్కి, గొట్టంలో దూరింది. పొద్దు మునిగే వేళ మరిది శేషయ్య, ఇంకో పదిమంది గట్టు మీద నిలబడి చూస్తుండగా రామసుబ్బమ్మ తుపాకి ఆకాశానికి ఎత్తి మీట నొక్కింది.

టక్. అంతే. పందులు ఒకసారి తలెత్తి, మళ్లీ మేతలో పడ్డాయి.

"పేల్లేదు వదినా."

"పేల్లేదనాకు. ఇంకా పేల్లేదు అను."

శేషయ్య నాలుగడుగులు వెనక్కి వేశాడు. రామసుబ్బమ్మ తుపాకిని మూతి పైకి ఉండేలా మంచె గుంజకు తాడుతో బిగించి కట్టేసింది. ఇక ఎవ్వరూ ఇంటికి పోలేదు. ఇటు తాము పోగానే అటు అది పేలితే? ఆ బాధ జన్మంతా మోయాలి. అన్నం చేను కాడికే తెప్పించుకున్నారు. రాత్రంతా జనం అరుపులకు, నవ్వులకు పందులు కొండెక్కాయి.

మరునాడు పక్క ఊరి వాళ్లూ వచ్చారు. మూడోనాడు ఉగ్గాని బజ్జీల బండి వచ్చింది. ఠాణా నుంచి వచ్చిన కానిస్టేబులు యోహాను లైసెన్సు చూశాడు, తుపాకిని చూశాడు.

"ఇది పేలిన తుపాకా, పేలని తుపాకా?"

"పేలబోతాండే తుపాకి సార్," అన్నాడు శేషయ్య.

అలాంటి దానికి ఏ కాగితం రాయాలో తెలియక, యోహాను ఒక పొట్లం బజ్జీలు కొనుక్కుని గట్టు మీద చోటు చూసుకున్నాడు. అమావాస్యకు పేలుతుందన్నారు కొందరు. కాదు, ఎండ ముదిరితేనే అన్నారు ఇంకొందరు. ఇరవై రోజులు పంది జాడ లేదు. కాయలు గలగలమంటున్నాయి, కోతకు ఇంకో వారముంది.

ఆ సాయంత్రం భాస్కరయ్య ఫోను చేశాడు. "నీ అదృష్టం అమ్మా! పాత సరుకులో పదహారో నంబరు డబ్బా దొరికింది. ప్లాస్టిక్‌వి. కచ్చితంగా పేలుతాయి."

రామసుబ్బమ్మ గట్టు పొడవునా కూర్చున్న జనాన్ని చూసి గొంతు తగ్గించింది. "వద్దన్నా."

"ఏం?"

"పేలిందంటే అందరూ ఇండ్లకు పోతారు."

"ఎవరు వదినా ఫోన్లో?" శేషయ్య మెడ చాచి అడిగాడు.

"నంద్యాలాయన. ఈ పొద్దే పేలొచ్చంట. బేగా పోయి నీ చోట్లో కూచో."